వనభోజన బల్లకు టీకా తాత్పర్యం

అవతారిక

కార్తీకం వచ్చిందంటే తెలుగువాళ్లకు నాలుగు గోడల మధ్య అన్నం సహించదు. వానలు వెనకబడి, ఎండ మెత్తబడి, చలి ఇంకా రగ్గులు తీయించని ఆ నాలుగు వారాల్లో ఊరి చుట్టూ ఉన్న తోటలన్నీ భోజనశాలలైపోతాయి. ఒకప్పుడు ఉసిరిచెట్టు కింద నాలుగు చాపలు, ఒక కట్ట అరటాకులు ఉంటే వనభోజనం జరిగిపోయేది. మోకాళ్ల నొప్పులూ జీన్సు ప్యాంట్లూ ప్రబలాక చాపల చోటికి బల్లలొచ్చాయి. బల్లొచ్చాక గుడ్డ, గుడ్డొచ్చాక పూలు, పూలొచ్చాక ఫొటోలు. ఆ వరసలో వెలసినదే ఈ గ్రంథం. కర్త ఒకానొక ఆడపడుచు. రచనాకాలం అక్టోబరు నెలాఖరు, రాత్రి పదకొండు దాటాక. ఛందస్సు వాట్సాప్.

మూలం

వదినా, ఆదివారం భోజనాలకు మామిడితోటలో బల్లలు వేయిస్తున్నాం. మంచి గుడ్డ పరిచి మధ్యలో పూలు పెట్టించండి. గాలికి ఎగరకుండా చూడండి. దీపాలు కూడా ఉండాలి. సింపుల్‌గా చాలు.

టీక

వదినా = ఓ అన్నభార్యా (పని పడబోవుచున్నదని సూచన); ఆదివారం = భానువాసరమున; మామిడితోటలో = చూతవనమునందు; బల్లలు = సప్లై కంపెనీవారి మడత బల్లలను; వేయిస్తున్నాం = వేయించు తలంపులో ఉన్నాము, అనగా ఇంకా ఫోన్ చేయలేదు; మంచి గుడ్డ = మరకలు కనపడనట్టి వస్త్రమును; పరిచి = మీరే పరిచి; మధ్యలో = (దీనిపై చర్చ కలదు); పూలు = బంతి, చామంతి మొదలగువానిని; పెట్టించండి = పెట్టండి; గాలికి ఎగరకుండా = వాయువుచే గుడ్డయు ఆకులును లేవకుండునట్లు; చూడండి = ఎగిరినచో మీదే బాధ్యత; దీపాలు = దీపములు; కూడా = ఇంకను చాలా కలవని భావము; సింపుల్‌గా = (దీనిపై పెద్ద చర్చ కలదు); చాలు = చాలదు.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసినవాడు మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. ఈ టీకాకర్త మొదటి నియమానికి కట్టుబడతాడు. రెండోదానికి హామీ లేదు.

విశేషాలు

మామిడితోటలో. ఇక్కడొక ఆక్షేపణ. కార్తీక భోజనం ఉసిరి నీడన చేయాలి కదా, మామిడి ఎలా వచ్చింది? సమాధానం: ఉసిరి ఆకులు చింతాకులకు తోబుట్టువుల్లా సన్నగా ఉంటాయి. ఆ చెట్టు పుణ్యం ఇచ్చినంత ధారాళంగా నీడ ఇవ్వదు. కనుక పూజ ఉసిరి మొదట, పంక్తి మామిడి కింద. తోటలో ఉసిరే లేకపోతే నర్సరీ మొక్కను కుండీతో సహా కారెక్కించి తెచ్చే భక్తులున్నారు.

ఇంకొక సందేహం రుతువు గురించి. ఇంగ్లీషు పత్రికల్లో శరత్కాలపు బల్ల అంటే రాలిన మేపుల్ ఆకులు, ఎండు గడ్డి కట్టలు, గుమ్మడికాయలు. మనవైపు ఆకు రాలేది శిశిరంలో. కార్తీకంలో వరిచేను పచ్చదనం పసుపులోకి తిరుగుతుందే గానీ మామిడి తన ఆకు వదలదు. అందుచేత ఎండుటాకుల అలంకారం ఈ తోటకు అరువు సొమ్మే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానాకాలం ఏం వడ్డించాడో, ఎండాకాలం ఏం వడ్డించాడో, చలికాలం ఏం వడ్డించాడో కృష్ణదేవరాయలు విడివిడిగా వర్ణించాడు. శరత్తుకు మాత్రం విడిగా విందు పెట్టలేదు. ఆ లోటు పూడ్చే భారం అయిదు శతాబ్దాల తర్వాత ఈ ఆడపడుచు మీద పడింది. ఆమె దాన్ని వదిన మీదికి తోసింది.

మంచి గుడ్డ. తెల్లగుడ్డ అని కొందరు. అది ఫొటో మతం. బల్ల మీదికి అరటాకు వస్తుంది, ఆకు ఈనె కోసినచోట జిగురు కారుతుంది. తడిగా ఉన్నప్పుడు అది నీళ్లలాగే కనిపించి మోసం చేస్తుంది. ఆరాక గోధుమరంగు మచ్చగా తేలి గుడ్డ చిరిగేదాకా పోదు. పప్పులోని పసుపు వేరే రకం. సబ్బు తగలగానే ఎర్రబడి, ఉతికినవారి గుండె ఆగినంత పని చేస్తుంది. సబ్బులో క్షారం ఉంటుంది, క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, అంతే. ఆ గుడ్డనే జాడించి రెండు రోజులు ఎండలో ఆరేస్తే రంగు దానంతటదే విరిగిపోతుంది. కాబట్టి పసుపుకు సూర్యుడున్నాడు, అరటి జిగురుకు దిక్కు లేదు. ముదురు ఆకుపచ్చ, కాఫీపొడి రంగు, గళ్ల నేత గుడ్డలు శ్రేష్ఠం. సప్లై కంపెనీవారి కాగితం చుట్ట మధ్యమం. ఇంట్లో పెళ్లినాటి పట్టు దుప్పటి అధమం.

మధ్యలో. ఈ గ్రంథానికి ఆయువుపట్టు ఈ మాటే. వదినగారు ఈ మాట చదివి ఏ గాజు కూజాలో గులాబీలు పెడదామా అని ఆలోచనలో పడ్డారు. అసలు ప్రశ్న వేరు: మన బల్లకు మధ్య అనేది ఉందా?

పూర్వపక్షం ఇది. విదేశీ భోజన బల్ల మడత రకమైనా రెండున్నర అడుగుల వెడల్పుంటుంది. అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి రెండడుగుల చోటు లెక్కన ఆరడుగుల బల్లకు ఆరుగురు. గిన్నెలు చేతులు మారుతుంటాయి. పళ్లేనికీ పళ్లేనికీ మధ్య ఖాళీ పట్టీ మిగులుతుంది, పూలకు ఆ చోటు. ఎదుటివారి మొహం కనపడాలి గనుక పూలు అడుగు ఎత్తు దాటకూడదని అక్కడి నియమం. బల్ల మీద మోచెయ్యి ఆనించి చెయ్యి నిలబెడితే మణికట్టు దాటకపోతే సరి. అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారమని 1941లో చట్టమే చేశారు. అక్టోబరు మొదలు ఆ రోజుదాకా అక్కడి బల్లల మధ్య రాజ్యం గుమ్మడికాయలది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో కొడుకింటికి వెళ్లిన తెలుగుతల్లికి ఆ దృశ్యం మింగుడుపడదు. తియ్యగుమ్మడి దప్పళంలోకి, బూడిదగుమ్మడి గుమ్మానికి, ఇది బల్ల మీదెందుకురా అని అడుగుతుంది. జవాబు చెప్పే తెలుగు కొడుకు ఇంకా పుట్టలేదు.

సిద్ధాంతం ఇది. మన పంక్తి భోజనం బల్ల అడుగున్నర, మహా అయితే రెండడుగులు. అందరూ ఒకే వైపు కూర్చుంటారు. ఎదురుగా ఉన్న సందులో వడ్డించేవాళ్లు బకెట్లూ గరిటెలూ పట్టుకుని సైన్యంలా కదులుతారు. ఆకు వెడల్పే బల్ల వెడల్పును తినేస్తుంది. ఆకు కొస తినేవారి ఎడమకు రావాలి, పైభాగంలో ఉప్పు, ఊరగాయ, కూరలు, పచ్చళ్లు, కింది భాగంలో అన్నం. ఆ పైభాగం అవతల మిగిలేది నాలుగు వేళ్ల చోటు, అక్కడ మంచినీళ్ల గ్లాసు. పూలకూజా పెట్టారో, మొదటి వడ్డనలోనే పులిహోర గరిటె దాన్ని తాకుతుంది. రెండో వడ్డనలో సాంబారు బకెట్టు దాన్ని పడగొడుతుంది. మూడో వడ్డనకు దాన్ని ఎవరో బల్ల కిందికి చేర్చేస్తారు.

అయితే మూలంలో ఉన్న ‘మధ్యలో’కు గతేమిటి? దాన్ని మూడు చోట్లకు అన్వయించుకోవాలి. ఒకటి, బల్లకు ముందువైపు, వడ్డించేవారికి అడ్డం రాకుండా అంచుకు వేలాడే గుడ్డ మీద పిన్నులతో గుచ్చిన పూలదండ. రెండు, తలపైన, కొమ్మనుంచి కొమ్మకు కట్టిన తోరణం. మూడు, చేతులు కడుక్కునే చోట నీళ్ల గంగాళం. వచ్చినవాళ్లందరూ ఆగేది అక్కడే, ఇత్తడి గంగాళంలో తేలే బంతిపూలను గరిటె ఏదీ పడగొట్టదు. ఎవరు ఎటు కూర్చుంటారో, ఎవరు ఎటునుంచి వడ్డిస్తారో తేలాకే పువ్వు ఎక్కడుండాలో తేలుతుంది. బఫే అయితే లెక్క మారిపోతుంది. అక్కడ గిన్నెల వెనక ఎంత ఎత్తుకైనా వెళ్లవచ్చు.

పూలు. బంతి అనుకోవాలి. ఈ పదంలో శ్లేష కూడా ఉంది: పూలదీ బంతే, భోజనాలదీ బంతే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదన్న సామెత రెండోదానికే. మొదటి బంతి పుట్టిల్లు మెక్సికో వైపు. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడివాళ్లు చనిపోయిన పెద్దలకు ఇష్టమైన వంటలు పెట్టి, ఆ పీఠాన్ని అలంకరించేది ఈ పూలతోనే. చాలా ఏళ్లు వాళ్ల పండగ మన కార్తీకంలోనే పడుతుంది. ఓడలెక్కి వచ్చిన పువ్వు ఇక్కడ తోరణాల్లో ఇంటిపిల్ల అయిపోయింది. గోదావరి జిల్లాలవారికి కడియం, హైదరాబాదువారికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఉండనే ఉన్నాయి.

తెలంగాణలో ఇంకొక సదుపాయం ఉంది. బతుకమ్మకు కోసిన గునుగు. ముట్టుకుంటే కాగితంలా గరగరలాడే ఆ వెన్నులు నీళ్లు లేకపోయినా వాడవు, ఎండినా రంగు నిలుపుకుంటాయి. ఎండలో నాలుగు గంటలు నిలవాల్సిన బల్లకు చామంతి కన్నా గునుగు నయం. గులాబీ పగలు రెండయ్యేసరికి తల వాల్చేస్తుంది.

గాలికి ఎగరకుండా. ఈ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోరాదు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతానికి తుపాన్ల కాలం. విశాఖను హుద్‌హుద్ తాకింది 2014 అక్టోబరు 12న. 2025లో కార్తీకం అక్టోబరు 22న మొదలైతే, 28 రాత్రికల్లా మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ స్థాయి గాలికి అలంకారశాస్త్రంలో పరిహారం లేదు, భోజనాలు వచ్చే వారానికి వాయిదా వేయడమే.

మామూలు గాలికి ఉపాయాలున్నాయి. గుడ్డ నాలుగు మూలలా లోపలివైపు చిన్న సంచుల్లో గులకరాళ్లు వేసి కుట్టుకోవచ్చు. బల్ల కాళ్లకు నాడాలతో కట్టేయవచ్చు. ఆకుకు చేయాల్సిన ఉపచారం మాత్రం పెద్దవాళ్లే కనిపెట్టారు. ఆకు వేయకముందు బల్ల మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, తర్వాత ఆకు పరిచి అరచేత్తో ఒక్కసారి నిమిరితే అది అంటుకుపోతుంది. అడుగున పల్చటి నీటిపొర పట్టు అది. పైన మొదట ఉప్పు, ఊరగాయ వడ్డించడంతో కొసభాగానికి బరువూ పడుతుంది. తూర్పు కనుమల్లో కుట్టే అడ్డాకు విస్తరి తేలిక గనుక దానికి ఈ బరువు ఇంకా అవసరం.

ఒక హెచ్చరిక. కొమ్మనుంచి దిగిన దండ కొస బల్లను తాకరాదు. మామిడి ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలకు అది వంతెన. అవి లడ్డూను వదిలేసి మొదట లడ్డూ పెట్టుకున్నవారి మోచేతిని పట్టుకుంటాయి.

దీపాలు. భోజనం పగటిది, దీపం రాత్రిది. ఈ విరోధాన్ని పరిహరించాలి. పిలుపు పన్నెండింటికి, వడ్డన రెండున్నరకు, తర్వాత అంత్యాక్షరి, తంబోలా, పిల్లల పరుగు పందెం, మిగిలిన గారెలతో టీ. నవంబరు మొదట్లో రాజమహేంద్రవరంలో అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. కాబట్టి మూలంలో దోషం లేదు, కర్తకు బంధువుల సంగతి బాగా తెలుసు.

అప్పటికి వరిచేలల్లోంచి పచ్చదోమ బయల్దేరుతుంది. రైతులు పచ్చ దీపపు పురుగులనేది వీటినే. గోరుమీద సగం కూడా లేని ఆ లేతాకుపచ్చ ప్రాణులు తెల్లటి ట్యూబులైటు చూస్తే వేలాదిగా వచ్చి వాలి, అక్కడినుంచి నేరుగా పాయసంలోకి దూకుతాయి. పసుపుపచ్చటి బల్బుకు తక్కువ వస్తాయి. మార్గం ఏమిటంటే, బల్లకు నాలుగు బారల దూరంలో ఒక తెల్ల లైటు వాటికి వదిలేసి, బల్ల దగ్గర పసుపు లైటు పెట్టుకోవడం. ఉసిరికాయ పైభాగం తొలిచి, నేతిలో తడిపిన వత్తి వేసి వెలిగించే దీపం ఈ మాసానికి సొంతమైన అందం. అది చెట్టు మొదట ఉండాలి. బల్ల మీదికి తెస్తే అత్తగారు ఒప్పుకోరు, చున్నీలూ ఒప్పుకోవు.

సింపుల్‌గా. వ్యాఖ్యాతల్లో ఏకాభిప్రాయం లేదు. ‘ఖర్చు తక్కువలో’ అని అన్నగారు. ‘నేను చేయక్కర్లేకుండా’ అని ఆడపడుచు. ‘బాగా లేకపోతే ఇదేమిటని అంటారు, బాగుంటే ఇంత ఎందుకని అంటారు’ అని వదిన. మూడో అర్థమే సంప్రదాయసిద్ధం.

సందట్లో సంఘంవారు తెచ్చే ఫ్లెక్సీ ఈ పరిధిలోకి వస్తుందా అని ప్రశ్న. వనభోజనాల్లో పూలన్నిటికన్నా పెద్ద అలంకారం అదే. మధ్యలో నాయకుడు, చుట్టూ గుండ్రాల్లో దాతలు. దీనికి ధర్మశాస్త్రం 2022 జులై 1నుంచి అమల్లో ఉంది. ఆ రోజున దేశమంతటా నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలతోపాటు అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. థర్మోకోల్‌తో చేసిన ‘వెల్కమ్’ అక్షరాలు ఆ లెక్కన శాస్త్రవిరుద్ధం. దాతల బొమ్మలు నూటొకటో మైక్రాన్‌లో తప్పించుకుంటాయి.

తాత్పర్యం

ఓ వదినగారూ! ఆదివారం తోటకు అందరికన్నా ముందే చేరుకొని, ముదురురంగు గుడ్డలు పరిచి, మూలలకు రాళ్లు కట్టి, ఆకుకూ గరిటెకూ అడ్డం లేనిచోట బంతినీ గునుగునూ అమర్చి, దండ కొసలు బల్లకు జానెడు ఎత్తున ఆపి, పసుపు లైటు ఇటూ తెల్ల లైటు అటూ కట్టించి, ఉసిరి దీపాన్ని చెట్టు మొదట ఉంచి, ఇదంతా ఏమీ చేయనట్టు కనిపించండి. సాయంత్రం బల్లగుడ్డలు లెక్కపెట్టి మరీ సప్లై కంపెనీ కుర్రాడికి అప్పగించండి. మరకపడిన ప్రతి గుడ్డకూ వాళ్లు అడ్వాన్సులో కోస్తారు.