స్పాంజి తీసేసిన తెలివి

నా దగ్గర పాత యమహా ఆర్ఎక్స్ 100 ఉంది. దాని గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం కూడా ఉండేది. బండి ఇంకా ఉంది.

1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ బండికి రాయలసీమలో ఉన్న మర్యాద కొత్తగా చెప్పక్కర్లేదు. మోత వినగానే టీ కొట్టు దగ్గర జనం తల తిప్పి చూస్తారు. ఆ చూపులే నన్ను చెడగొట్టాయి.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల పక్కన బండి నిలబెట్టేవాణ్ణి. అక్కడ మిషన్లు తిరుగుతుంటే రాతిపొడి తెల్లగా లేచి సీటు మీద పేరుకునేది. రోజూ సీటు తుడుచుకున్నానే గానీ, అదే పొడి ఎయిర్ ఫిల్టరు స్పాంజిలోకి కూడా దూరుతుందని తట్టలేదు. మెల్లగా మైలేజీ పడిపోయింది. ప్లగ్గు విప్పితే కొసంతా మసి. గాలి చాలక పెట్రోలు ఎక్కువ పోతోందని కనిపెట్టాను. ఇంతవరకూ నా తెలివికి వంక పెట్టడానికి లేదు.

గాలి పెంచడానికి కార్బురేటరు పక్కన ఇత్తడి ఎయిర్ స్క్రూ ఉందిగా! బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. అసలు పద్ధతి ప్రకారం ఇంజను బాగా వేడెక్కాలి. స్క్రూను బలవంతం చేయకుండా ఆనేదాకా లోపలికి తిప్పి, అక్కణ్ణుంచి సుమారు ఒకటిన్నర చుట్లు వెనక్కి తేవాలి. ఆ చుట్టుపక్కల కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పి, ఇంజను ఎక్కడ వేగంగా, నిలకడగా తిరిగితే అక్కడ ఆపాలి. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించుకోవాలి. నేను చల్లటి ఇంజను మీదే, పెద్ద మేస్త్రీలా తల పంకిస్తూ, తోచినంత బయటికి తిప్పేశాను. స్లోలో బండి ముద్దుగా కొట్టుకుంది.

ఆ స్క్రూ పెత్తనమంతా స్లోలోనూ, యాక్సిలరేటరు పావు వంతు తిప్పేదాకానూ. ఆపైన కార్బురేటరు లోపలి సూది, ఫుల్లుకు మెయిన్ జెట్టు చూసుకుంటాయి. కాబట్టి రోడ్డెక్కగానే బండి మళ్ళీ ఉక్కిరిబిక్కిరైంది. అప్పుడొచ్చింది గొప్ప ఆలోచన. స్పాంజి పీకి ఇంట్లో పడేశాను. అబ్బ, ఏం మోత! ఆ ఊపులో, రాజ్‌దూత్ 350 ఉన్న మిత్రుడికి కూడా సేవ చేయబోయాను. దానికి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, రెండింటికీ గాలి సమంగా కుదరాలి. ఆయన నవ్వి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నంద్యాలకు బయల్దేరి, శిరివెళ్ల దాటాక ఫుల్లుగా ఇచ్చాను. ఉన్నట్టుండి కిర్రుమని వెనక చక్రం పట్టేసి జారింది. క్లచ్చు నొక్కాను కాబట్టి పడలేదు. అది నైపుణ్యం కాదు, భయంతో చెయ్యి బిగుసుకుపోవడం. బండి ట్రాలీ ఆటో ఎక్కి నంద్యాల చేరింది.

మెకానిక్ ప్లగ్గు తీసి నా చేతిలో పెట్టాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఫిల్టరు డబ్బా తెరిచి చూశాడు.

“స్పాంజి యాడ సార్?”

“ఇంట్లో ఉంది.”

“ఇంట్లో ఏం చేస్తాంది సార్?”

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మెయిన్ జెట్టు సైజు స్పాంజి అడ్డం ఉంటుందన్న లెక్కతోనే పెడతారట. స్పాంజి తీసేస్తే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక మంట వేడెక్కుతుంది. అల్యూమినియం పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. దానికి తోడు, అడ్డు లేక లోపలికి పోయిన రాతిపొడి. పిస్టన్ మీద నిలువు గీతలు గోటికి తగిలాయి. సిలిండరు లేత్ షాపుకు పోయింది. బోరు చేయించి, ఓవర్ సైజు పిస్టన్ వేయించాల్సి వచ్చింది. మొదట్లోనే స్పాంజిని కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరాక కాస్త ఆయిల్ పట్టించి ఉంటే ఇదేదీ అవసరం పడేది కాదు.

పాత బండి ఉన్నవాళ్ళకు ఒక మాట. స్క్రూ డ్రైవరు చేతికి తీసుకుంటే ముందు ఫిల్టరు డబ్బా మూత విప్పండి. తర్వాత ప్లగ్గు చూడండి. అది కాఫీపొడి రంగులో ఉంటే ఇంక దేన్నీ ముట్టుకోకండి.