‘ముదిరిపోనాడు’: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘‘మా గుంటడు ముదిరిపోనాడు, బావూ!’’

అవతారిక: 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వెలిసిన ఎచ్చెర్లలో పండితులకు కొదవ లేదు. అయినా ఈ వాక్యానికి ఇంతదాకా వ్యాఖ్య లేదు. హైవే పక్క టీకొట్టు ముసలమ్మ, పంచదారకు పంపిన మనవడు చిల్లర తక్కువ తెచ్చి ‘ధర పెరిగింది’ అన్నప్పుడు, వాడి మూతికంటిన చాక్లెట్‌ను చూస్తూ పలికినది.

ప్రతిపదార్థం: మా = తప్పు చేసినా మా ఇంటివాడే అయిన; గుంటడు = కుర్రాడు (గొయ్యి అనుకునేవారు విశాఖ దాటి ఇటు రానివారు); ముదిరి = లేతదనం వదిలి; పోనాడు = పోయాడు. దీన్ని దిద్దబోకండి, గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. బావూ = అయ్యా! అక్క మొగుడు కాదు.

విశేషాలు: ముదుసలి, ముదిమి దీని చుట్టాలే. ముదిత మాత్రం కాదు, ఆవిడ సంస్కృతం. అమాయకుడంటే మాయ లేనివాడు. అంటే ఆ గుణానికి మనం పెట్టుకున్న పేరే ఒక లేమి. అది పోవడానికి మాట కావలసి వచ్చేసరికి కూరల మడికి వెళ్లాం. బెండకాయ ముదురుతుంది, జ్వరం ముదురుతుంది, తగాదా ముదురుతుంది. ‘ముదిరాడు’ అంటే ఇంకా ఆశ ఉంది. ‘పోవు’ చేరిందా, ఎండిపోయినట్టు, విరిగిపోయినట్టు, ఇక వెనక్కి రాదు.

శంక: పెద్దవాడవడమే కదా, ‘పండాడు’ అనవచ్చునే?

సమాధానం: అనరాదు. పండినదాన్ని కోసుకుంటారు. ముదిరినదాన్ని గోటితో తుంచి చూసి, తుంచలేక తిట్టుకుంటారు. గిరీశం చేతిలో పడ్డ వెంకటేశం పండలేదు, ముదిరాడు. 2007లో ‘దేశముదురు’ సినిమా పేరై తిట్టు కాస్తా బిరుదైంది గాని, అది వేరే శాఖ.

అలంకారం: నింద అని కొందరు. వ్యాజస్తుతి అని నా మతం. ముదిరిన బెండకాయ కూరకు పనికిరాదు. రైతు దాన్ని పారెయ్యడు, విత్తనానికి చెట్టు మీదే వదిలేస్తాడు. మరి మూలకర్త్రి ఆ మాట అన్నాక వాడి వీపున చరిచిందా? లేదు. చరిచినట్టు చెయ్యెత్తి, మూతి తుడిచి, ‘‘రేపట్నుంచి గల్లాపెట్టి కాడ కూకో’’ అంది.