మూర్ఛకు ముందస్తు అనుమతి

అమెరికా వైద్యము భూమండలమున సర్వోత్తమమను సిద్ధాంతమును మడికొండలో కాదనువాడు లేడు. మెట్టుగుట్టమీది రామలింగేశ్వరుని మహిమ విషయముననైనను ఒకరిద్దరు నాస్తికులు దొరకుదురు గాని, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక కొడుకును స్థాపించి, వాడు పంపిన ధనముతో హైదరాబాదు రహదారి పక్కన రెండంతస్తుల మేడ కట్టించుకొని, సాయంకాలము అరుగుమీద కూర్చుండి అక్కడి ఆసుపత్రుల నేలలెంత నున్ననివో వర్ణించు పెద్దమనుష్యుల మధ్య, ఈ రెండవ దైవమును గూర్చి సంశయము వెలిబుచ్చ సాహసించినవానిని నేనింతవరకు చూడలేదు. గమనింపదగినదేమనగా, వారు వర్ణించునది ఎల్లప్పుడును నేలనే. చికిత్సను వర్ణించినవారు అరుదు. లోనికి పోగలిగినది అంతవరకే కాబోలు.

ఈ భక్తులే ఆరునెలల యాత్రకు బయలుదేరునాడు వారి పెట్టె విప్పి చూడవలెను. ఒక సగమున ఆవకాయ, సకినాలు, పసుపు, కారము. రెండవ సగమున రక్తపోటు బిళ్ళలు, షుగరు బిళ్ళలు, థైరాయిడ్ బిళ్ళలు, మోకాళ్ళ నొప్పుల లేపనములు, ఇంకను రాని జ్వరమునకు ముందుగా కొనిపెట్టుకొన్న మందులు, వీటన్నిటికిని సాక్ష్యముగా హనుమకొండ డాక్టరు వ్రాసియిచ్చిన చీటీ.

"సార్, గంత గొప్ప వైద్యమున్న దేశానికి పోతున్రు గద, గీ గోలీలన్ని మోసుడెందుకు?" అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని అడిగితిని.

"ఊకో నాయినా! ఆడ డాక్టర్లు మంచిగనే జూస్తరు, గని జూపెట్టుకునుడే కష్టం. మా పిలగానికి పన్ను నొప్పి లేస్తె గోలీ ఏసుకొని దసరా దాక ఆగుతడు. ఈడికొచ్చి హన్మకొండల పీకిపిచ్చుకొని పోతడు" అని ఆయన సగర్వముగా సెలవిచ్చెను.

పన్ను పీకించుకొనుటకు భూగోళములో సగము చుట్టివచ్చుట వింతగా తోచువారికి అక్కడి బీమాశాస్త్రము తెలియదనుకొనవలెను. ఆ శాస్త్రము ననుసరించి దంతములును నేత్రములును సాధారణముగా మానవ శరీరమున భాగములు కావు. వాటికి బీమా వేరు, రుసుము వేరు. మిగిలిన దేహమును, అది చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రుల దేహమైనచో, కొడుకు విజిటర్ ఇన్సూరెన్సు తీసి రక్షించును. పూర్వమునుండి ఉన్న వ్యాధులకు తాము బాధ్యులము కామని ఆ పత్రము చెప్పును. డెబ్బదియేండ్ల దేహమున పూర్వము లేని వ్యాధి ఏది మిగిలియుండునో వారికే తెలియవలెను. అయినను కరుణామయులు కావున, పాత వ్యాధి హఠాత్తుగా విజృంభించినచో మాత్రము కొంత చెల్లింతుమని ఒక ఉపవాక్యము చేర్చిరి. ఆ విజృంభణము అనూహ్యముగా రావలెను. ముందుగా ఏ సూచనయు ఉండరాదు. చాల పాలసీలలో ఇరువదినాలుగు గంటలలోపల చికిత్సకు చేరవలెను. గుండెపోటుకు ముందునాడు ఆ తల్లి "ఛాతీల జర పట్టేసినట్టున్నది బిడ్డా" అని కోడలితో అన్నచో ఆ వాక్యమే సూచనయగును, సూచనయే సాక్ష్యమగును, సాక్ష్యమే కొంప ముంచును. మన తార్కికులు కుండకును మట్టికిని గల సంబంధమును గూర్చి శతాబ్దములు వాదించిరి గాని, నొప్పికిని నొప్పి యున్నదని పలికిన మాటకును నడుమ వేల డాలర్ల సంబంధము కలదని పాపము వారికి తోచలేదు.

అతిథుల సంగతి యట్లుండనిండు. అక్కడనే స్థిరపడి, నెలనెల జీతములో ప్రీమియము కోతపెట్టించుకొను గృహస్థుల భోగము చూతము. ప్రీమియము కట్టినవానికి వైద్యము లభించునని భ్రమించుట పామరత్వము; ప్రీమియము కట్టినవానికి లభించునది డిడక్టిబులు. అది మూడువేల డాలర్లనుకొందము: సంవత్సరములో మొదటి మూడువేలును రోగియే చెల్లించుకొని తన భక్తిని నిరూపించుకొనవలెను. నిరూపించుకొన్న పిమ్మట కోఇన్సూరెన్సు అను పేర నూటికి ఇరువదియో ముప్పదియో మరల తానే కట్టవలెను. డాక్టరు గది తలుపు తెరచినప్పుడెల్ల కోపే అను విడి రుసుము. ఇంత శ్రమపడి మెట్లెక్కినవాని లెక్క సామాన్యముగా జనవరి ఒకటవ తేదీన మరల సున్నకు దిగజారును. కావున అమెరికాలో జబ్బు పడుటకు ముహూర్తబలము ముఖ్యము. జనవరి మొదటివారమున మంచమెక్కినవాడు ఏడాదిపొడవునను ఫలమనుభవించును. ఏడాదియంతయు ఆరోగ్యముగా నుండి డిసెంబరు నెలాఖరున అపెండిక్సు పగులగొట్టుకొనువానిని మించిన దురదృష్టవంతుడు లేడు. మన పంచాంగకర్తలు రాజపూజ్య అవమానములతోపాటు డిడక్టిబులు ఫలములు కూడ వ్రాసినచో ప్రవాసాంధ్రులకును ప్రవాస తెలంగాణులకును మహోపకారమగును.

ఇక, బీమా కంపెనీతో ఒప్పందమున్న వైద్యుల కూటమియగు నెట్‌వర్కు అను వర్ణాశ్రమ ధర్మము. ఆసుపత్రి మన నెట్‌వర్కులోనిది, శస్త్రవైద్యుడు నెట్‌వర్కులోనివాడు; స్పృహతప్పించు వైద్యుడు మాత్రము వెలివాడు. రోగి స్పృహలో నుండగా వానిని కులమడుగలేదు, స్పృహతప్పిన పిమ్మట అడుగలేడు. బిల్లు వచ్చినపుడు మరల స్పృహతప్పును. ఈ ఘోరమును సహింపలేక ప్రభుత్వమువారు 2022 జనవరి 1 నుండి ఆశ్చర్యకరమైన బిల్లులను నిషేధించు చట్టమును అమలుచేసిరి. ఆశ్చర్యమును చట్టముచేత నిషేధింపవలసి వచ్చిన దేశము మరియొకటి కలదో లేదో! అందును నేలమీద నడచు అంబులెన్సును విడిచిపెట్టిరి. ఆకాశమున ఎగురు అంబులెన్సుకు మాత్రము రక్షణ కలదు. కావున కాలు విరిగినవాడు పాలసీ చదువుకొని, వీలైనంతవరకు ఆకాశమున విరుగగొట్టుకొనవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టిన మన 108 బండి పల్లెపల్లెకును ఉచితముగా పరుగెత్తుచున్నదని చెప్పినచో డాలస్ నివాసి నమ్మడు. అది ఎక్కినవాడు ఏ నెట్‌వర్కువాడని అడుగును.

ఈ వ్యాసము శీర్షిక చూచి, మూర్ఛపోవుటకు ముందస్తు అనుమతి అక్కరలేదని అక్కడి చట్టమే చెప్పుచున్నదని ఒక మిత్రుడు నన్ను మందలించెను. నిజమే. అత్యవసర విభాగమునకు వచ్చినవానిని పరీక్షించి, ప్రాణము స్థిమితపడక మునుపు వెళ్ళగొట్టరాదని 1986 నాటి చట్టము కూడ కలదు. అది గొప్ప చట్టమే. అయితే ప్రాణము నిలుపుమన్నది గాని, నిలిచిన ప్రాణము చేతికి బిల్లు ఇయ్యవలదని అనలేదు. మూర్ఛకు తప్ప మిగిలిన ముఖ్యకార్యములు పెక్కింటికి, అనగా స్కానింగునకు, ఖరీదైన మందుకు, మోకాలి శస్త్రచికిత్సకు, బీమా కంపెనీ అనుమతి కావలెను. రోగిని చూచిన వైద్యుడు అవసరమనును, రోగిని చూడని వైద్యుడు అనవసరమనును, చూడనివాని మాట చెల్లును. తెలియని దానియందే నిష్పక్షపాతము సాధ్యమని వారి నమ్మకము.

ఇట్టి వ్యవస్థను ఎవ్వరో మహర్షి తపస్సుచేసి దర్శించెననుకొందురేమో. 1942లో, యుద్ధకాలమున, వేతనములు పెంచరాదని రూజ్వెల్టు ప్రభుత్వము కట్టడి చేయగా, పనివాండ్రు దొరకని యజమానులు జీతమునకు బదులుగా ఆరోగ్యబీమాను ఎరగా వేసిరి. 1954 నాటి చట్టము ఆ ఎరకు పన్ను మినహాయింపును స్థిరపరచెను. యుద్ధము ముగిసి ఎనుబదియేండ్లు దాటినను ఎర గొంతులో దిగియే యున్నది. అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరులో జాతీయ బీమా ప్రతిపాదింపగా, అది సోషలిజమని అక్కడి వైద్యసంఘమే అడ్డుకొన్నది. వృద్ధులకును పేదలకును కొంత ఊరట 1965లో, జాన్సను సంతకముతో వచ్చినది. ఒబామా చట్టము 2010లో వచ్చినది. ఇన్ని వచ్చినను 2023లో ఏ బీమాయు లేనివారు రెండున్నర కోట్లకు పైబడియే యుండిరి. ఆ యేడు ఆ దేశము వైద్యముపై వెచ్చించినది సుమారు 4.9 లక్షల కోట్ల డాలర్లు, జాతీయోత్పత్తిలో 17.6 శాతము. కాజీపేటలో రైలెక్కి, శంషాబాదులో విమానమెక్కి, హెచ్-1బి ఉద్యోగ వీసామీద పోయిన మనవాని ఆరోగ్యము ఈ విధముగా వాని ఉద్యోగమునకు కట్టివేయబడినది: ఉద్యోగమూడినచో దేశము విడుచుటకో వేరొక కొలువు చూచుకొనుటకో అరువది దినముల గడువు, బీమా నిలుపుకొనవలెనన్న యజమాని వాటాతో సహా మొత్తము ప్రీమియము, దానిపైన రెండు శాతము నిర్వహణ ఖర్చు. జీతము లేనివాడే జీతమున్నవానికన్న ఎక్కువ కట్టవలెననుట ఆర్థికశాస్త్రమున కొత్త పుంత. విద్యార్థి యెవడైన ప్రమాదమున పడినచో వాని మిత్రులు ఆసుపత్రికన్న ముందు ఇంటర్నెట్టున విరాళముల పుట తెరతురు. దానికి మాత్రము అనుమతి అక్కరలేదు.

అయితే ఈ మహాయంత్రమును తిప్పు చేతులు మనవే యగుట మనకు గర్వకారణము. మడికొండలో ఐ.టి. పార్కు వెలసినను, ఈ విద్యకొరకు మన బి.ఫార్మసీ, మైక్రోబయాలజీ పట్టభద్రులు అమీర్‌పేటకే పోయి, రోగములను బిల్లులకొరకు సంకేతములుగా మార్చు మెడికల్ కోడింగు నేర్చుకొందురు. అమెరికావారి రోగసంకేతములు 2015 అక్టోబరు 1న సుమారు పదునాలుగువేలనుండి డెబ్బదివేలకు చేరువైనవి. అందులో బాతు కొట్టుటకు డబ్ల్యు 61.62 అను సంకేతము కలదు. జెట్ ఇంజనులోనికి పీల్చుకొనబడుటకు వి 97.33 కలదు, ఆ దుర్ఘటన తరువాత వైద్యునివద్దకు రెండవమారు వచ్చుటకు అదనపు అక్షరము కూడ కలదు. మండుచున్న వాటర్ స్కీలవలన కాలుటకు వేరొకటి. జెట్ ఇంజనులోనుండి వెలికివచ్చి రెండవమారు డాక్టరు అపాయింటుమెంటునకు సకాలమున హాజరైన ఆ ధీరోదాత్తునకు నేను మనసార నమస్కరించుచున్నాను. ఇంతకన్న గొప్ప సంకేతము జడ్ 59.6. దాని అర్థము తక్కువ ఆదాయము. రోగనిదానము ఇంత సూక్ష్మముగా చేసిన శాస్త్రము లోకమున లేదు. చికిత్స మాత్రము వ్రాయలేదు.

కోడింగు చేసినవాని పక్కనే, రావలసిన బాకీలను ఫోనుమీద అడుగు ఏ.ఆర్. కాలరు కూర్చుండును. మాదాపూరులో రాత్రి రెండు గంటలకు ఈ యువకుడు తన పేరును జాన్ అనియో మైక్ అనియో మార్చుకొని, ఒహాయోలో ఎవరో ముసలమ్మ తుంటి ఎముక బిల్లును కంపెనీ ఎందుకు నిరాకరించినదో ఫోనులో విచారించును. అవతల ఫోనెత్తినవాడును తెల్లవారినపిమ్మట ఇడ్లీ తినువాడే కావచ్చును. ఒకరు ఇమ్మందురు, ఒకరు ఇయ్యమందురు, ఇరువురికిని జీతములు ముసలమ్మ బిల్లునుండియే వచ్చును. ఆ యువకుని తండ్రి మాత్రము మడికొండ అరుగుమీద "మావోడు అమెరికా హాస్పిటల్ల పనిజేస్తడు" అని చెప్పుకొనును. అబద్ధమనుటకు వీలులేదు.

మందుల సంగతియు ఇంతే. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా ప్రయోగశాలలలో జీవితమును కరగించి ఫైలేరియాకు మందును, క్యాన్సరునకు మెథోట్రెక్సేటును లోకమునకు అందించుటలో అగ్రగణ్యుడై 1948లో కన్నుమూసెను. ఇన్సులినును కనుగొన్నవారు 1923లో తమ పేటెంటును టొరాంటో విశ్వవిద్యాలయమునకు తలకొక డాలరునకు విక్రయించిరి. శతాబ్దము తిరుగకమున్నే అమెరికాలో ఒక ప్రసిద్ధమైన ఇన్సులిను సీసా జాబితాధర 275 డాలర్ల చేరువకెక్కినది. ఆ ధరను తగ్గించుటకు చట్టమును, ప్రజల శాపనార్థములును, 2023వ సంవత్సరమును కావలసివచ్చినవి. హైదరాబాదు చుట్టుపట్ల కర్మాగారములలో తయారైన బిళ్ళలు ఓడలలో అమెరికాకు పోవుచుండగా, అవే జాతి బిళ్ళలు మన ఉపాధ్యాయుని పెట్టెలో సకినాల సరసన విమానములో పోవుచున్నవి. ఒకదానిపై ముద్ర, మరియొకదానిపై కారము.

మన యింట అంతయు రామరాజ్యమని నేననుట లేదు. వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 2022లో అత్యవసర చికిత్స పొందుచున్న రోగిని ఎలుకలు కరచినవి. హైదరాబాదు నిమ్సు ఆసుపత్రికి తరలింపగా ఆయన మరణించెను. ఎలుకలు నిలిచిపోగా పర్యవేక్షకుడు బదిలీయయ్యెను. ఆరోగ్యశ్రీ 2007లో ఆరంభమై, 2023 డిసెంబరునాటికి కుటుంబమునకు పదిలక్షల హామీగా పెరిగినది. 2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలను నిలిపివేసినవి. హామీ పెరిగినకొలది బకాయి పెరుగుట ప్రకృతిధర్మమేమో! ఇక కార్పొరేటు ఆసుపత్రులలో క్యాష్‌లెస్ కౌంటరు, ప్యాకేజీ, డిశ్చార్జి రోజున సాయంకాలమువరకు రాని బీమా మధ్యవర్తి టి.పి.ఏ. ఆమోదము, దూదికిని చేతితొడుగులకును బీమా వర్తింపదను కోత, ఇవన్నియు చూచినచో మనము అమెరికాను అందుకొనుటకు ఎంతో కాలము పట్టదని ధైర్యము కలుగుచున్నది. వారి చట్టములను మాత్రము తెచ్చుకొనలేదు. రోగమునే దిగుమతి చేసుకొంటిమి.

కావున నాదొక మనవి. మడికొండలో పెరిగి, మరణానంతరము తన దేహమును సైతము 2002లో కాకతీయ వైద్యకళాశాలకు ఉచితముగా ఇచ్చివేసిన కాళోజీ నారాయణరావు పేర వరంగల్లులో ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము కలదు. ఉచితమను దురలవాటును వదిలించుటకు అందొక నిరాకరణశాస్త్ర విభాగమును నెలకొల్పవలెను. మొదటి సంవత్సరము డిడక్టిబులు. రెండవ సంవత్సరము నెట్‌వర్కు. మూడవ సంవత్సరము పూర్వవ్యాధి మీమాంస, ప్రయోగశాలలో జెట్ ఇంజనుతో సహా. రోగి ముఖము చూచిన విద్యార్థిని పరీక్షకు అనర్హునిగా ప్రకటింపవలెను. ఆచార్యపదవులకు అమీర్‌పేటలో అర్హులు కొల్లలుగా దొరకుదురు. ప్రవేశమునకు దరఖాస్తు పెట్టిన ప్రతివానికిని చదువకయే మొదట నిరాకరణ పత్రము పంపవలెను. 180 దినములలోపల అప్పీలు చేసుకొన్నవారికి సీటు, దంతములకును నేత్రములకును ఫీజు వేరు.