"ఎవరికమ్మారు?" అని అడిగే చుట్టానికి జవాబులు

ఈ సంక్రాంతికి మీకో గండం ఉంది. మీ అబ్బాయో అల్లుడో విశాఖలోనో హైదరాబాదులోనో ఆయుధాలు తయారయ్యే చోట ఉద్యోగం చేస్తూంటాడు. పండక్కి వస్తాడు. పేపరు అంచులతో సహా చదివే పెద్దాయన ఒకాయన ప్రతి ఇంటికీ ఉంటాడు కదండీ, ఆయనా వస్తాడు. అరిసె కొరుకుతూ, "మీరు చేసిన సరుకు ఎవరికమ్మారు నాయనా? వాళ్ళు దాన్ని ఎవరి మీద పేల్చారు?" అంటాడు. మర్యాద చెడకుండా ఆయన నోరు మూయించే మార్గాలు రాస్తున్నాను. భోగి ముందు రోజే ఇంటిల్లిపాదీ ఒకసారి ప్రాక్టీసు చేసుకోండి.

మొదట అంకె వదలండి. 2013-14లో మన దేశం ఎగుమతి చేసిన రక్షణ సామగ్రి 686 కోట్ల రూపాయలది. 2024-25కి అది 23,622 కోట్లయింది. 2029కల్లా 50,000 కోట్లు చెయ్యాలని లక్ష్యం. గడగడా అప్పజెప్పి చివర్లో "ఆయ్!" అనండి. అంకె అంత పెద్దదయ్యాక కొన్నవాడి పేరు అడగడానికి ఎవరికైనా మొహమాటమే.

అంకెకి పడకపోతే కాగితం చూపించాలి. ఇలాంటి సరుకు దేశం దాటాలంటే స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితా ప్రకారం అనుమతి కావాలి, మందుగుండు రకాలైతే రక్షణ ఉత్పత్తుల శాఖ చూస్తుంది, వాడేది తనేనని కొన్నవాడు ఎండ్ యూజర్ సర్టిఫికెట్ రాసిస్తాడు. ఇన్ని ముద్రలు పడ్డాక ఇంకేం కావాలి? జనాన్ని ఊచకోత కోసేవాడికి అమ్మకూడదని కచ్చితంగా చెప్పే ఒప్పందం ఒకటుంది, 2013 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితిలో ఓటుకొచ్చిన ఆయుధ వ్యాపార ఒప్పందం. మనం ఓటెయ్యకుండా తటస్థంగా ఉన్నాం, సంతకమూ పెట్టలేదు. అది అమ్మేవాళ్ళకే అనుకూలంగా ఉందని, కొనేవాళ్ళ తరఫున అప్పట్లో మన అభ్యంతరం. ఇప్పుడు మనమే అమ్ముతున్నాం కాబట్టి ఆ అభ్యంతరం గుర్తు చెయ్యకండి.

సర్టిఫికెట్ల విషయంలో మన మన్యం ఏజెన్సీకి ఓ పేరుంది లెండి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్ళిన అల్లూరి సీతారామరాజు, ఏమేం తీసుకున్నాడో రికార్డులో రాసి సంతకం చేసి మరీ వెళ్ళాడు. ఎవరి మీద వాడబోతున్నాడో దాపరికం లేదు. అంత నిజాయితీ గల కొనుగోలుదారు మళ్ళీ దొరకలేదు.

మూడో జవాబు అందరికీ కంఠతా వచ్చిందే: "మనం అమ్మకపోతే చైనావాడు అమ్ముతాడండీ." గొప్ప జవాబే కానీ, వాడేటప్పుడు చుట్టుపక్కల రైసుమిల్లు వాళ్ళెవరూ లేకుండా చూసుకోండి. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఒక్క నోటిఫికేషన్‌తో ఆపేసింది. మళ్ళీ తలుపు తీసింది 2024 సెప్టెంబరు చివర్లో. "మనం ఆపితే థాయిలాండ్ వాడు అమ్ముకుంటాడు" అని మిల్లర్లు ఎంత మొత్తుకున్నా ఢిల్లీ వినలేదు. దేశంలో ధర పెరగకూడదన్నది కారణం, కారణం ఉంటే ఆపొచ్చన్నమాట. అదే 2024 నవంబరులో కాకినాడలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా సముద్రంలోకి వెళ్ళి, రేషను బియ్యం ఎక్కిందన్న స్టెల్లా ఓడని చూపించి "సీజ్ ద షిప్" అన్నారు. బీదవాడి బియ్యం చేరకూడని చోటికి చేరుతోందన్నదే అభియోగం. ఆ ఏడాది మే నెలలో చెన్నై నుంచి ఇజ్రాయెల్‌లోని హైఫాకి 27 టన్నుల పేలుడు పదార్థాలతో బయల్దేరిన మరియాన్ డానికా అనే ఓడని స్పెయిన్ తన రేవులో ఆగనివ్వలేదు. మన చెన్నైలో మాత్రం దానికెవరూ అడ్డం వెళ్ళలేదు, అందులో బియ్యం లేవు కదా.

కోడికత్తుల ఊసు అసలు రానివ్వకండి. పండగ ముందు పోలీసులు కత్తులు చేసేవాళ్ళనీ కట్టేవాళ్ళనీ వెతికి బైండోవర్ చేస్తారు, అంగుళాల కత్తుల్ని కట్టలు కట్టి ఫొటోలు దిగుతారు. ఆ కత్తి ఇంకా ఏ పుంజునీ గీరలేదు. అది ఎందుకు వాడతారో ఊళ్ళో అందరికీ తెలుసు, అంతే. "భీమవరంలో కత్తికి వర్తించే తర్కం బాంబుకి వర్తించదా?" అని చుట్టం అంటే, వంటింట్లోంచి ఎవరో పిలుస్తున్నట్టు లేచి వెళ్ళిపోవడమే.

బర్మా సంగతి వస్తే మాత్రం చాలా జాగ్రత్త, మన జిల్లాలవాళ్ళం అక్కడే మునుగుతాం. విశాఖలోని నౌకాదళ ఆయుధాల పరిశోధనశాల ఎన్‌ఎస్‌టిఎల్ రూపొందించగా భారత్ డైనమిక్స్ తయారుచేసిన శ్యేన టార్పెడోలని మయన్మార్‌కి అమ్మాం. 3 కోట్ల 79 లక్షల డాలర్ల ఒప్పందం 2017లో కుదిరింది. ఆ ఏడాది ఆగస్టులోనే అక్కడి సైన్యం రోహింగ్యాల ఊళ్ళు తగలబెట్టడం మొదలుపెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. మొదటి విడత సరుకు 2019 జులైలో వెళ్ళింది. తరవాత మన సింధువీర్ జలాంతర్గామిని విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో బాగుచేయించి ఇచ్చాం, 2020 డిసెంబరు చివర్లో అది వాళ్ళ నౌకాదళంలో చేరింది. నెలన్నర తిరక్కుండా, 2021 ఫిబ్రవరి 1న, ఆ సైన్యమే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. జూన్‌లో ఐక్యరాజ్యసమితి మయన్మార్‌కి ఆయుధాలు వెళ్ళకుండా చూడమని తీర్మానం చేస్తే 119 దేశాలు ఔనన్నాయి, తటస్థంగా ఉన్న 36 దేశాల్లో మనమొకరం. సైన్యం గద్దెనెక్కాక భారత సంస్థల నుంచి 5 కోట్ల 10 లక్షల డాలర్ల సరుకు వెళ్ళిందని ఐరాస తరఫున అక్కడి మానవహక్కులు పరిశీలించే టామ్ ఆండ్రూస్ 2023 మేలో లెక్క తేల్చారు.

దీనికి జవాబు: "టార్పెడో నీళ్ళలో పోతుందండీ, గుడిసెల మీదికి రాదు." ఇది నిజం. అందుకే బాగా పనిచేస్తుంది. చేతికి టార్పెడో అందించిన దేశం, ఆ చెయ్యి మిగతా వేళల్లో ఏం చేస్తోందో మాట్లాడలేకపోతుందన్న సంగతి నీళ్ళ కింద ఉండిపోతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, మన పక్క ఆ దేశం పరాయిది కాదు. తాతల నోట రంగూన్ "రంగం". కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాడు కోరంగీ అయ్యాడు. మనవాళ్ళు అక్కడి డాక్కుల్లో మూటలు మోశారు, 1930 మే అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నారు, 1942లో జపాన్ వాళ్ళొస్తే అడవుల్లో నడిచొచ్చారు, 1962లో సైన్యం అధికారం లాక్కుని దుకాణాలు జాతీయం చేశాక మిగిలినవాళ్ళు ఓడలెక్కారు. రానివాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడే, సైన్యం కిందే బతుకుతున్నారు. చుట్టం ఆ మాట ఎత్తితే, "వాళ్ళెప్పుడో వెళ్ళిపోయినవాళ్ళండీ" అని, ఆయన పెరిగిన కోనసీమ లోగిలి ఏదో ఉంటుంది కదా, దాని బర్మాటేకు తలుపుల నగిషీ మెచ్చుకోండి. మాట దారి మళ్ళుతుంది.

ఇక చరిత్ర. దాన్ని అటకెక్కించండి. 1946లో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, వర్ణవివక్షకి నిరసనగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసిన మొదటి దేశం మనది. డబ్బు పోతుందని తెలిసే మానేశాం. ఆ దేశానికి ఆయుధాలమ్మడం 1977 నవంబరులో భద్రతామండలి నిషేధించేదాకా ఐక్యరాజ్యసమితి లోపల ఏళ్ళతరబడి పట్టు వదలకుండా పనిచేసిన అధికారి ఏనుగ శ్రీనివాసులు రెడ్డి, మన నెల్లూరు జిల్లావాడు. అదృష్టం కొద్దీ ఆయన పేరు మనలో చాలామంది వినలేదు, విననివ్వకండి. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో జనాన్ని చంపుతున్న సైన్యానికి అమెరికా ఆయుధాలు పంపుతోందని లోకమంతా తిరిగి మొత్తుకుంది కూడా మనమే. ఆ జులైలో బాల్టిమోర్ రేవు దగ్గర పాకిస్తానీ ఓడ "పద్మ"కి కొందరు అమెరికన్లు చిన్న పడవలేసుకుని అడ్డం వెళితే వాళ్ళు మనకి మహానుభావులు. 2024 ఫిబ్రవరిలో మన రేవుల్లోని కార్మికుల సంఘం, ఇజ్రాయెల్‌కి వెళ్ళే ఆయుధాలు ఎక్కించం అని ప్రకటిస్తే మాత్రం వాళ్ళకి విదేశాంగ విధానం తెలియదనాలి.

అన్నీ అయిపోయాక కోర్టు. గాజాలో వాడకానికి ఆయుధాలు పంపే లైసెన్సులు రద్దు చెయ్యాలని అశోక్ కుమార్ శర్మ తదితరులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. హైదరాబాదులో హెర్మెస్ 900 డ్రోన్లు చేసే అదానీ-ఎల్బిట్ సంస్థ, మన ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ పేర్లు అందులో ఉన్నాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం 2024 సెప్టెంబరు 9న దాన్ని కొట్టేసింది: విదేశీ వ్యవహారాలు ప్రభుత్వం చూసుకోవలసినవి, కోర్టు కాదు అంది. "సుప్రీంకోర్టే కాదంది!" అని గట్టిగా అనండి, వాక్యం అక్కడే ఆపండి. ఆపకపోతే ఆయన, "అంటే ప్రభుత్వం తల్చుకుంటే ఆపొచ్చన్నమాటేగా?" అంటాడు. ఈ ఒక్క ప్రశ్నకీ జవాబు తయారుచెయ్యలేకపోయాను. గారెలు వేడిగా ఉండేట్టు చూసుకోండి.