మంచు మాస్టారు

బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో ఆటో ఎక్కీ ఎక్కగానే "ముందు బండికీ నీకూ ఎనిమిది సెకన్ల ఎడం ఉండాలయ్యా" అని డ్రైవరుకు పాఠం మొదలుపెట్టే పెద్దమనిషి తగిలితే, ఆయనే మంచు మాస్టారు. పిల్లను విదేశానికిచ్చిన ప్రతి వీధిలోనూ ఇలాంటాయన ఒకరుంటారు. మా వంతుకు వచ్చినాయన మాంట్రియల్‌లో కూతురింట ఒక చలికాలం గడిపి వచ్చారు. స్టీరింగు ముట్టింది లేదు. పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే చదువు పూర్తిచేశారు.

చిక్కేమిటంటే, చెప్పేవన్నీ నిజాలే! క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు వేయించకపోతే చట్టం ఊరుకోదు. చలి 7 డిగ్రీల కిందికి దిగిందంటే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోదు. వంతెనకు పైనా కిందా చలిగాలే కనక మంచు ముందు అక్కడే గడ్డకడుతుంది. కారు జారిందా, బ్రేకు మీద పడిపోకుండా యాక్సిలరేటరు వదిలేసి, వెళ్ళాల్సిన వైపే చూస్తూ స్టీరింగు అటు తిప్పాలి. ఇదంతా ఆయన, కరగ ఊరేగింపు వచ్చి ఆగే తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర, ఏప్రిల్ ఎండలో నిలబడి, వణికి మరీ చూపిస్తారు.

ఇంతకీ ఆటో అబ్బాయి మంచివాడు, చెప్పినట్టే ఎడం వదిలాడు. అందులోకి రెండు స్కూటర్లు, ఒక మూటల బండి, దాని వెనకే ఒక ఆవు వచ్చి చేరాయి. "ఇంకా వదలాలా సార్?" అన్నాడు.

వీసా వచ్చిందని ఎవరింట్లో మిఠాయి పంచినా మాస్టారు హాజరు. "మొదట ఖాళీ పార్కింగులో కావాలనే కారు జారించి చూడు నాయనా, భయం పోతుంది" అంటారు. కుర్రాడి భయం సంగతేమో గానీ, తల్లికి గుండె జారుతుంది. "మావాడు బస్సులో పోతాడులే అన్నయ్యా."

"బస్సు కూడా జారుతుందమ్మా" అని ధైర్యం చెబుతారాయన.

సొంతానికి ఒక పాత స్కూటరుంది. నాలుగు చినుకులు పడితే బయటికి తీయరు.

మొన్న మేమంతా అరుగు మీద ఉండగానే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, రేపు బాగా మంచు పడుతుందట. కారులో ఆఫీసుకెలా వెళ్ళాలంటావ్?"

అందరం చెవులు రిక్కించాం. మాస్టారు ఆలోచించనైనా లేదు.

"సెలవు పెట్టమ్మా" అన్నారు.