రెండు రోకళ్లు, ఒక రోలు

నర్సింహులపేటలో రెండు పంటలు పండే ఎకరాన్ని ఎవరూ రెండెకరాలు అనరు. వానాకాలం వరి కోసి యాసంగికి మళ్లీ నాటు వేసినా పాసుపుస్తకంలో ఉండేది ఎకరమే, ఎకరానికి 40 గుంటలే. 39 గుంటలు చూపించి ఎకరమంటే సర్వేయర్ రావాలి, గొలుసు పడాలి, నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి. గుంట దగ్గర ఇంత పట్టింపు ఉన్న మనమే క్లౌడ్‌లో సర్వర్ కిరాయికి తీసుకునేటప్పుడు మాత్రం దానకర్ణుడికి తమ్ముళ్లమైపోతాం. ‘నాలుగు వీసీపీయూలు’ అని రాసి ఉంటే నాలుగు కోర్లు, అంటే నిజంగా లెక్కలు చేసే నాలుగు యంత్రాలు, వచ్చాయని మురిసిపోయి కార్డు నంబరు కొట్టేస్తాం. ఇంటెల్ ప్రాసెసర్ల మీద చాలాసార్లు వచ్చేవి రెండే. అమ్మినవాడు మోసం చేశాడని నేను అనడం లేదు. కోర్ భూమి, వీసీపీయూ పంట. పంటలు లెక్కపెట్టి భూమి కొన్నామనుకోవడం దగ్గరే తిప్పలన్నీ మొదలవుతాయి.

ఒక కోర్‌ను రెండుగా చూపించే ఈ పద్ధతి పేరు హైపర్‌థ్రెడింగ్. అది అర్థం కావాలంటే కంప్యూటర్ పుస్తకం కంటే వాకిట్లో రోలు నయం. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు దంచుతుంటారు. ఒకామె రోకలి పైకి లేచినప్పుడు రెండో ఆమె రోకలి కిందికి దిగుతుంది. రోలు ఖాళీగా ఉండదు. ఒక్కరు దంచినదానికంటే ఎక్కువ బియ్యమే వస్తాయి, కానీ రెండింతలు రావు, ఎందుకంటే రోలు ఒక్కటే. ప్రాసెసర్‌లోనూ ఇంతే. కావలసిన సమాచారం కోర్ పక్కనే ఉండే క్యాష్ మెమరీలో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. దానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. మనకది రెప్పపాటులో లక్షో వంతు కూడా కాదు, 3 గిగాహెర్ట్జ్ కోర్‌కు మాత్రం 300 పోట్లు వేయాల్సిన సమయం. అంతసేపు రోకలి గాల్లో ఉంటే రోలు దండగ. అందుకే ఆ ఖాళీలో రెండో పనిని దంచనివ్వొచ్చు కదా అని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో టల్సన్, ఎగర్స్, లెవీ 1995లో పరిశోధన పత్రం రాశారు. ఇంటెల్ 2002లో దాన్ని జియాన్ చిప్‌లలోకి, అదే ఏడాది చివర పెంటియం 4లోకి తెచ్చింది. చిప్ పరిమాణం 5 శాతం లోపే పెరిగింది, కొన్ని సర్వర్ పనుల్లో వేగం 30 శాతం దాకా పెరిగింది అని ఆ కంపెనీయే చెప్పుకుంది. తన సరుకును తానే పొగుడుకునే చోట కూడా ఇంటెల్ నోట 100 శాతం అనే మాట రాలేదు. ఆ అత్యాశ మనది.

క్లౌడ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క రోళ్ల నుంచి రోకళ్లకు మారింది. క్లౌడ్ సర్వర్లు కిరాయికిచ్చే ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్ 22న హైదరాబాద్ రీజియన్ తెరిచింది కాబట్టి ఈ రోళ్లు ఇప్పుడు మన తెలంగాణ గడ్డ మీదే ఉన్నాయి. ఆ కంపెనీ ఇంటెల్ సర్వర్లలో మామూలుగా వీసీపీయూ అంటే ఒక థ్రెడ్, అంటే ఒక రోకలి. అదే కంపెనీ సొంతంగా చేయించుకున్న గ్రావిటాన్ ప్రాసెసర్ మీద వీసీపీయూ అంటే పూర్తి కోర్, అంటే ఒక రోలు. ఒకే దుకాణం, ఒకే పేరు, రెండు కొలతలు. ఈ తేడా తెలియనిది మనకే. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్మే ఒరాకిల్‌ను చూడండి. తన డేటాబేస్‌ను వేరేవాళ్ల క్లౌడ్‌లో నడిపితే, హైపర్‌థ్రెడింగ్ ఉన్నచోట రెండు వీసీపీయూలను ఒక ప్రాసెసర్ లైసెన్సుగా లెక్కకడుతుంది. పైసా వసూలు దగ్గర పేరు మోసిన కంపెనీయే రెండు రోకళ్లకు ఒక రోలు బిల్లు వేస్తుంటే, రెండు రోళ్లని మనం మొండికేయడంలో అర్థం లేదు.

‘ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగు అని చూపిస్తోంది కదా’ అని ఒక అభ్యంతరం. అది చేతులు లెక్కపెడుతోంది, కడుపులు కాదు. పైగా ఆ చూపించడమే మనల్ని ముంచుతుంది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్న సర్వర్‌లో రెండు థ్రెడ్లు చెరో కోర్ మీద నిండా పని చేస్తుంటే మీటర్ 50 శాతం అంటుంది. ఇంకా సగం బలం మిగిలిందని మేనేజర్ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు. నిజానికి రోళ్లు రెండూ నిండాయి, మిగిలింది సందులే. ‘కంపెనీలు తమ పత్రాల్లో అంతా రాశాయి కదా’ అన్నది రెండో అభ్యంతరం. రాశాయి, ఒప్పుకుంటాను. బస్సు టికెట్ వెనక కూడా చాలా రాసి ఉంటుంది. మూడోది గట్టి అభ్యంతరం: ‘ఇచ్చిన డబ్బుకు పని జరిగితే చాలు, రోలైతేనేం రోకలైతేనేం?’ ఈ మాట నిజమే. అయితే సర్వర్‌ను మన పనితో కొలవాలి, పేరుతో కాదు. అలా కొలిచినవాడికి నా వ్యాసం అక్కర్లేదు.

కొలిస్తే తేలేది ఏమిటంటే, పనిని బట్టి ఫలం. వేలమంది వచ్చి తలా ఒక చిన్న పని అడిగి, డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసే వెబ్‌సైట్‌లో రోకళ్లు తరచూ గాల్లోనే ఉంటాయి, అక్కడ రెండో రోకలి బంగారం. వాతావరణ లెక్కల్లాంటి ఊపిరి తీసుకోని పనిలో ఇద్దరి రోకళ్లూ ఒకేసారి దిగి ఠంగుమంటాయి. ఏడబ్ల్యూఎస్ శాస్త్రీయ లెక్కల కోసం పెట్టిన హెచ్‌పీసీ6ఏ సర్వర్లలో ఈ సౌకర్యాన్ని తానే ఆపేసి కోర్లు మాత్రమే ఇస్తుంది. భద్రతలోనూ ఒక చిక్కుంది. ఒకే రోటి దగ్గర కూర్చుంటే పక్కామె కొంగులో ఏముందో కనబడుతుంది. 2018, 2019లలో ప్రాసెసర్లలో బయటపడ్డ కొన్ని లోపాలు ఇలాంటివే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2018లోనే హైపర్‌థ్రెడింగ్‌ను ఆపేసింది, క్రోమ్ ఓఎస్‌లో గూగుల్ 2019లో ఆపింది. ఇంటెల్ 2024లో కొన్ని ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ చిప్‌లలోంచి రెండో రోకలిని తీసేసింది. 2025కు వచ్చేసరికి, సర్వర్లలో అది లేకపోతే పోటీలో వెనకబడుతున్నామని మళ్లీ తెస్తామంది. అంటే రోకలి చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. దంచేది ఏమిటన్నదే ప్రశ్న.

రెండు రోకళ్ల సంగతి ఇదైతే, కారుచౌక సర్వర్ల సంగతి పెళ్లి పసుపు. ఐదుగురు ముత్తైదువలు ఒకే రోట్లో తలా రోకలి పట్టుకుంటారు, పాట సాగుతుంది, ఫొటోలు పడతాయి, పసుపు మాత్రం గిర్నీలో పట్టించి తెస్తారు. ఒకే కోర్‌ను పదిమందికి పంచే చోట మీ వంతు వచ్చేదాకా ఆగిన సమయాన్ని లినక్స్ ‘స్టీల్’ అనే అంకెగా చూపిస్తుంది. స్టీల్ అంటే దొంగతనమే. ఇంత ముక్కుసూటి పేరు సాంకేతిక రంగంలో ఇంకెక్కడా కనబడదు.

కాబట్టి కిరాయి కట్టేముందు రెండు పనులు చేయండి. సర్వర్‌లో ఎల్ఎస్‌సీపీయూ అనే ఆదేశం ఇచ్చి, కోర్‌కు ఎన్ని థ్రెడ్లో చూడండి. రెండు అని వస్తే వీసీపీయూల సంఖ్యను సగం చేసి, ఆ సగాన్నే మీ భూమిగా రాసుకోండి, మిగతాది యాసంగి పంట అనుకోండి. ఆ తరువాత మీ సొంత పనినే గంటసేపు నడిపి, రూపాయికి ఎంత పని జరిగిందో లెక్కగట్టండి. బియ్యం కొలవాల్సింది దంచాకే.