కంప్యూటర్‌కీ కావాలి పదకొండో నంబరు

కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక పెట్టారంటే, ఎక్కడో దూరాన సముద్రంలో తుఫాను పుట్టే సూచనలున్నాయని అర్థం. మూడో నంబరైతే ఈదురుగాలులు రేవు దాకా రావచ్చు. పదో నంబరు దాకా వచ్చిందంటే ఇక మైపాడులోనూ తుమ్మలపెంటలోనూ పడవకీ వలకీ కాపలా కాసే ధైర్యం ఎవరికీ ఉండదు. చాలామంది ఆ వరస పదితో అయిపోయిందనుకుంటారు. పదకొండో నంబరు కూడా ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయింది, ఇక్కడి అధికారికి చూడబోతే వాతావరణం ప్రమాదంగానే ఉంది అని దానర్థం. కబురు రాకపోతే క్షేమమని రేవు వాళ్లు అనుకోరు. రాకపోవడానికే ఒక నంబరు పెట్టి, అన్నిటికన్నా పైన కూర్చోబెట్టారు.

మన కంప్యూటర్ పండితులు ఇంత వెనకబడిన వాళ్లు కారు. బ్యాకప్ జరిగిందా లేదా అన్నది వాడేవాడి చెవిన వేయడం వాళ్ల దృష్టిలో మర్యాద కాదు. 'వాడుకరిని విసిగించకూడదు' అన్నది సూత్రం. ఎంత కరుణో చూడండి! అదే యంత్రం పొద్దున లేస్తే అప్పు కావాలా అని అడుగుతుంది, మధ్యాహ్నం బిర్యానీ మీద డిస్కౌంటు చెబుతుంది, నడిరాత్రి అప్‌డేట్ కోసం అడగకుండా ఆరిపోతుంది. వీటికి రాని విసుగు 'అయ్యా, మీ లెక్కల కాపీ మూణ్ణెల్లుగా పడటం లేదు' అంటే వస్తుందట.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట బియ్యం కొట్లో అడిగి చూడండి. "ట్యాలీ బ్యాకప్ అవుతోందా?" అంటే "ఆటోమేటిక్ సార్, అదే చేసుకుంటది" అంటాడు గుమాస్తా. ఎక్కడికి చేసుకుంటది? అదే కంప్యూటర్లోని ఇంకో ఫోల్డర్‌లోకి. చివరిసారి ఎప్పుడు చేసుకుంది? "కుర్రోడు వచ్చి పెట్టిపోయాడు సార్, ఆయనకే తెలవాలి." ఆ కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. గుమాస్తాను తప్పుపట్టను. తెర మీద ఏ మూలా తేదీ కనిపించకపోతే ఆయన మాత్రం ఏం చదువుతాడు?

విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల రైతుకు ఈ 'విసిగించకూడదు' సూత్రం చెబితే నవ్వుతాడు. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. అందుకే కరెంటు పోగానే ఫోన్ మోగే స్టార్టర్లు వచ్చాయి. నిద్రలో విసిగిస్తోందని రైతు దాన్ని పీకి పారేశాడని నేనెప్పుడూ వినలేదు.

శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయినా, రాకెట్ విషయంలో నెల్లూరోళ్లం ఇంకా హక్కు వదులుకోలేదు. అక్కడ ఒక్కో దశకూ 'నార్మల్' అని పైకి చెబుతూనే ఉంటారు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో క్రయోజెనిక్ దశ వెలగలేదు. ఆ సంగతి దేశమంతా చూస్తుండగా నిమిషాల్లోనే చెప్పేశారు. అదే మన బ్యాకప్ మేధావుల చేతికి మైకు దొరికి ఉంటే? 'రాకెట్ నేపథ్యంలో నడుస్తోంది. వివరాలకు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ నొక్కి, లాగ్ ఫైలు తెరవండి.'

చెప్పకపోవడం ఒక కళ అయితే, చెప్పీ చెప్పకపోవడం అంతకన్నా పెద్ద కళ. 'బ్యాకప్ హెచ్చరికలతో పూర్తయింది' అని ఒక వాక్యం కనిపెట్టారు. చేపల పులుసు బ్రహ్మాండంగా కుదిరింది, చేప మాత్రం వేయలేదు అన్నట్టు! ఏ ఫైళ్లు వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని అడిగితే ఒక ఎనిమిదంకెల కోడు చేతిలో పెడతారు. ఇంకో రకం వాళ్లున్నారు. ప్రతి రాత్రీ 'విజయవంతం' అని మెయిల్ పంపుతారు. వారం తిరిగేసరికి దాన్నెవరూ తెరవరు. ఒకరోజు అది రాదు. రానిదాన్ని గమనించేదెవరు?

ఇది చిన్న ఊళ్ల చిన్న కొట్ల బాధ అనుకుంటే పొరపాటు. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. చూసి ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. పోనీ, బ్యాకప్ ఉందిగా అని వెతికితే ఖాళీ. డేటాబేస్ ఒక వెర్షను, దాన్ని కాపీ తీసే సాధనం ఇంకో వెర్షను కావడంతో ఆ పని ఎప్పటినుంచో చప్పుడు లేకుండా విఫలమవుతోంది. చప్పుడు లేకుండా అనడం కూడా అన్యాయమేలెండి. అది పాపం ప్రతిసారీ మెయిల్ రాసింది. ఆ మెయిళ్లు నిజంగా పంపాల్సినవాళ్లే పంపారని రుజువు చేసే సంతకం లేక, అవతలి సర్వరు వాటిని తిప్పికొట్టింది. వైఫల్యాన్ని చెప్పే ఏర్పాటు తానే విఫలమై, ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. ఆరు గంటల ముందు ఒకాయన వేరే పని మీద చేత్తో తీసి పెట్టుకున్న కాపీ ఉండబట్టి పరువు సగం నిలిచింది.

ఇంతకీ అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. చివరి మంచి కాపీ పడి ఎన్నాళ్లయిందో ముందు తెర మీదే పెద్ద అక్షరాల్లో పెట్టండి. అందులోంచి ఒక్క ఫైలైనా తిరిగి తెరిచి చూశాకే 'విజయం' అనండి. కబురు రాకపోతే మోగే గంటను బ్యాకప్ తీసే యంత్రంలో కాకుండా వేరే చోట పెట్టండి. యంత్రమే చస్తే అందులోని గంట ఎలా మోగుతుంది?

వీటికి తీరిక లేకపోయినా, మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినోత్సవంగా జరుపుకోవడానికి మాత్రం తీరిక దొరికింది. మన అకౌంటెంట్లందరూ ఏడాది లెక్కలు మూయలేక తల పట్టుకునే రోజూ అదే. ఆ పూట పాత కాపీ కోసం వెతుకుతున్న గుమాస్తాకు కంపెనీ నుంచి శుభాకాంక్షల మెయిల్ వస్తుంది, కొత్త ప్లాన్ మీద తగ్గింపు ధరతో సహా. దాన్ని మాత్రం ఏ సర్వరూ తిప్పికొట్టదు.